స్టెల్లా ఎనిమిదో శుక్రవారం

గవర్నర్‌పేటలో పాత లాడ్జీల వెనక సందులో, జిరాక్స్ షాపు మీది గదిలో స్టెల్లా ఇరవై రెండేళ్లుగా కూచిపూడి నాట్యానికి దుస్తులు కుడుతోంది. బోర్డు పెట్టలేదు. పిల్లలకు మొదటి ప్రదర్శన కుదిరిన తల్లులు ఎవరో చెప్పగా విని, ఆ ఇరుకు మెట్లెక్కి వస్తారు. స్టెల్లా మెడలో టేపుతో పిల్లను నిలబెట్టి ఒకసారి కొలుస్తుంది. తరవాత మోకాళ్లు వంచి నాట్యంలో నిలిచే భంగిమలో నిలబడమని మళ్లీ కొలుస్తుంది. ఆ రెండు కొలతలకూ మధ్య ఎంత వదలాలో ఆమెకు తెలిసినంతగా బెజవాడలో ఇంకెవరికీ తెలియదని డాన్స్ మాస్టర్లు అంటారు. ఆమె కుట్టిన బట్ట వేదిక మీద చిరిగిందని ఇంతవరకు ఎవరూ రాలేదు.

ఇల్లు గుణదలలో, కొండ దిగువ వీధిలో. భర్త శౌరయ్య ఆటోనగర్‌లో లేత్ మిషను మీద పని చేస్తాడు. రెండు ఇళ్ల అవతల చెల్లెలు మార్త ఉంటుంది. మార్త పెళ్లి చేసుకోలేదు. ప్రైవేటు స్కూల్లో సోషల్ టీచరు.

కిందటేడు క్రిస్మస్ వెళ్లిన దగ్గర నుంచి మార్తకు తలనొప్పి మొదలైంది. జనవరిలో ఒకరోజు నల్లబల్ల మీద రాస్తూ రాస్తూ, తను రాసిన సగం అక్షరాలు తనకే కనిపించడం లేదని గ్రహించింది. తలలో గడ్డ అన్నారు. ఫిబ్రవరి చివర్లో ఆపరేషన్ చేశారు. ఆరు గంటలు పట్టింది. ఆ ఆరు గంటలూ స్టెల్లా ఆసుపత్రి వరండాలో నిలబడే ఉంది. కూర్చుంటే ఏదో అయిపోతుందని ఆమె భయం. అక్కడే మొక్కుకుంది. మార్త లేచి తనను అక్కా అని పిలిస్తే, యేసు తిరుహృదయానికి తొమ్మిది మొదటి శుక్రవారాలు చేస్తానని.

కతోలికుల ఇళ్లలో ఈ మొక్కు అందరికీ తెలిసిందే. నెలలో మొదటి శుక్రవారం గుడికి వెళ్లి, పూజలో ఫాదర్ ఇచ్చే పవిత్రమైన అప్పం, సత్ప్రసాదం తీసుకోవాలి. అలా తొమ్మిది నెలలు వరుసగా చెయ్యాలి. మధ్యలో ఒక్కటి తప్పినా మళ్లీ మొదటికి రావాల్సిందే.

మార్త లేచింది. "అక్కా, దాహమేస్తోంది," అంది. మార్చిలో స్టెల్లా మొదటి శుక్రవారం చేసింది. ఏప్రిల్, మే, జూన్, జూలై, ఆగస్టు. జ్వరం వచ్చినా, వాన పడి బుడమేరు వైపు నీళ్లొచ్చినా తప్పించలేదు.

ఆగస్టులో భానుశ్రీ మెట్లెక్కి వచ్చింది. పటమటలో డాన్స్ స్కూలు నడిపే ఆవిడ. వయసులో స్టెల్లా కన్నా ఎనిమిదేళ్లు చిన్న.

"స్టెల్లాగారూ, మీ పాస్‌పోర్టు ఉందా?"

"ఉందండి. అప్పుడెప్పుడో యెరూషలేము వెళ్దామని తీయించాం. వెళ్లలేదు."

అమెరికాలో, న్యూజిలాండ్‌లో తెలుగు సంఘాల వాళ్లు దసరాకు నృత్యరూపకం పెట్టించుకుంటున్నారట. పన్నెండుమంది అమ్మాయిలు, ఒక్కొక్కరికి మూడు జతల బట్టలు. సూదీ దారం పట్టుకుని వెనక ఒక మనిషి లేకపోతే అయ్యే పని కాదంది భానుశ్రీ. వీసాలు, టిక్కెట్లు అన్నీ సంఘాల వాళ్లవే.

స్టెల్లా గోడ మీది క్యాలెండరు తిరగేసింది. సెప్టెంబరు మొదటి శుక్రవారం ఇక్కడే అయిపోతుంది. అక్టోబరులో మూడో తారీఖు.

"అక్టోబరు మూడున ఎక్కడుంటామండీ?"

భానుశ్రీ ఫోను చూసింది. "రెండో తారీఖు, గురువారం రాత్రి పదింటికి లాస్ ఏంజిలిస్‌లో ఎక్కుతాం. ఆక్లండ్‌కి. పదమూడు గంటల ప్రయాణం. ఏం, పనుందా?"

"మొదటి శుక్రవారమండి. గుడి ఉండాలి."

"ఆక్లండ్ పెద్ద ఊరండి బాబూ. చర్చిలకేం లోటు?"

ఆమె వెళ్లాక స్టెల్లా వేళ్ల మీద లెక్క వేసుకుంది. గురువారం రాత్రి పది. అక్కడి నుంచి రెండు గంటలకు అర్ధరాత్రి. ఇంకో పదకొండు గంటలు. శుక్రవారం పగలు పదకొండింటికి దిగుతుంది. సాయంత్రం పూజ దొరుకుతుంది.

అయినా ఆమె అంతటితో వదిలిపెట్టలేదు. ఆక్లండ్‌లో తమకు వసతి చూస్తున్న సుస్మిత అనే అమ్మాయి నంబరు తీసుకుని వాట్సాప్‌లో అడిగింది. శుక్రవారం సాయంత్రం కతోలిక గుడిలో పూజ ఉంటుందా అని. ప్రతి శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు ఉంటుందండీ, మా ఇంటికి దగ్గరే అని సుస్మిత జవాబిచ్చింది. స్టెల్లా ఆ మాట మార్తకు చూపించింది.

"అయితే ఇంకేం, వెళ్లు," అంది మార్త. ఆపరేషన్ తరవాత ఆమె జుట్టు చిన్నపిల్లల జుట్టులా మెత్తగా మొలుస్తోంది. నవంబరు మొదటి వారంలో మళ్లీ స్కాను తీస్తామని డాక్టరు చెప్పారు. ఆ సంగతి ఇద్దరూ పైకి అనరు.

సెప్టెంబరు మూడో వారంలో బయలుదేరారు. గన్నవరం నుంచి హైదరాబాదు, అక్కడి నుంచి దుబాయ్, అక్కడి నుంచి లాస్ ఏంజిలిస్. స్టెల్లాకు విమానం ఎక్కడం అదే మొదలు. పొద్దున దుబాయ్‌లో ఎక్కారు. పదహారు గంటలు కూర్చున్నారు. దిగేసరికి ఇంకా మధ్యాహ్నమే, తారీఖు కూడా అదే. ఆ రోజు ఎంతకీ అవలేదు. మధ్యాహ్న భోజనమే రెండుసార్లు పెట్టారు. ఇదేమిటని ఆమె ఎవరినీ అడగలేదు. పన్నెండుమంది ఆడపిల్లల పెట్టెలు చూసుకోవడంలో అడిగే తీరిక దొరకలేదు.

ప్రదర్శనలు బాగా జరిగాయి. రెండో తారీఖు సాయంత్రం అందరూ మళ్లీ విమానాశ్రయానికి చేరారు. గుంపులో జాహిద్ అని, వించిపేట కుర్రాడు, లైట్లు, సౌండు చూసుకునేవాడు. ముప్పై రెండేళ్లుంటాయి. స్టెల్లాను అక్కా అంటాడు. పెట్టెలు మోయడంలో సాయం చేస్తాడు కాబట్టి అతని పక్క సీటే అడిగి తీసుకుంది.

క్యూలో నిలబడి స్టెల్లా తన టిక్కెట్టు కాగితం చూసింది. దిగే సమయం ఏడు గంటలని ఉంది. పక్కన చిన్నగా ప్లస్ రెండు అని.

"జాహిద్, ఇదేంటయ్యా, ప్లస్ రెండు?"

జాహిద్ తొంగి చూశాడు. "రెండు పెట్టెలు వేసుకోవచ్చని అయ్యుంటుందక్కా."

"మరి ఏడింటికంటోందే. పదకొండు కదా అవ్వాల్సింది?"

"అక్కడ టైము వేరుగా. మనకీ దుబాయ్‌కీ తేడా లేదూ? అలాగే."

సాయంత్రం ఏడయితే ఐదున్నర పూజ అందదు. స్టెల్లా కాగితం మళ్లీ చూసింది. కాదు, పొద్దున ఏడేమో. పొద్దున ఏడయితే ఇంకా మంచిదే, రోజంతా ఉంటుంది. అలా సర్దిచెప్పుకుని విమానం ఎక్కింది.

ముందు సీటు వీపున బుల్లి తెర ఉంది. జాహిద్ దాన్ని అటూ ఇటూ నొక్కి మ్యాపు తెప్పించాడు. నీలంగా సముద్రం, ఒక మూల చిన్న విమానం బొమ్మ. కింద అంకెలు. మొత్తం దూరం పదివేల నాలుగు వందల ఎనభై కిలోమీటర్లు.

"మన బెజవాడ నుంచి హైదరాబాదు రెండు వందల డెబ్భై అయిదు," అన్నాడు జాహిద్ ఫోనులో లెక్క కొట్టి. "అంటే ముప్పై ఎనిమిది సార్లు హైదరాబాదు వెళ్లినట్టు. మధ్యలో సూర్యాపేటలో టీ కూడా లేదు."

స్టెల్లా నవ్వలేదు. ఆమె కింది గడులు చూస్తోంది. ఒక గడిలో, బయలుదేరిన చోట సమయం: గురువారం, రాత్రి పది ఇరవై. పక్క గడిలో, చేరే చోట సమయం: శుక్రవారం, సాయంత్రం ఆరు ఇరవై.

"జాహిద్. ఇది చూడు. అక్కడ ఇప్పుడే శుక్రవారం సాయంత్రమైపోయిందంట."

"తెర పాడయ్యుంటుందిలే."

తన ముందున్న తెర వెలిగించాడు. అందులోనూ అంతే. పక్క వరుసలో నిద్రపోతున్న ఒకావిడ ముందున్నదీ అంతే.

"ఐదున్నర పూజ కూడా అయిపోయింది," అంది స్టెల్లా. "మనం ఎక్కకముందే మొదలైంది. అప్పటికి మనం ఇంకా నేల మీదే ఉన్నాం. గురువారంలో ఉన్నాం. అక్కడ శుక్రవారం పూజ అయిపోయింది."

జాహిద్ ఈసారి సరిగ్గా కూర్చున్నాడు. సముద్రం మీద విమానం బొమ్మ కదిలినట్టే లేదు. "ఆగక్కా. ఇంకా పదమూడు గంటలుందిగా ప్రయాణం. ఆరు ఇరవైకి పదమూడు కలిపితే..." వేళ్లు లెక్కపెట్టి ఆగిపోయాడు. "శనివారం పొద్దున ఏడు."

ప్లస్ రెండు అంటే రెండు రోజుల తరవాతి తారీఖని అప్పుడు ఇద్దరికీ తెలిసింది.

భానుశ్రీ మూడు వరుసల వెనక కళ్లకు పట్టీ కట్టుకుని పడుకుంది. స్టెల్లా వెళ్లి భుజం తట్టింది. విషయం విని ఆమె పట్టీ నుదుటి మీదికి జరిపి రెండు క్షణాలు చూసింది.

"అయ్యో స్టెల్లాగారూ! డేట్ లైను! నాకు తట్టనే లేదండీ. సముద్రం మధ్యలో ఒక గీత ఉంటుంది. అటు దాటితే ఒకరోజు ముందుకు వెళ్లిపోతాం."

"ఆ రోజు ఎటు పోతుందండీ?"

భానుశ్రీ పట్టీ తీసేసింది. "సారీ అండీ. మీరడిగారు కూడా. నేను సరిగ్గా చూడాల్సింది," అంది. ఆవిడ నిజంగానే బాధపడింది. కాని బాధపడితే శుక్రవారం రాదు కదా.

స్టెల్లా తిరిగి వచ్చి కూర్చుంది. ఏడు నెలలు పోగుచేసుకున్నది ఒక్కసారి చేతిలోంచి జారిపోయినట్టుంది. అంతకన్నా ఎక్కువగా, ఎక్కడ జారిందో తెలియడం లేదు. తను పొరపాటున మరిచిపోయి ఉంటే, ఒళ్లు బాగోలేక పడుకుని ఉంటే, అది తన తప్పు అనుకునేది. ఇప్పుడు తను ఏం చేసింది? లెక్క వేసింది, అడిగింది, గుడి కూడా చూసి పెట్టుకుంది. మార్త నవంబరులో స్కానింగు గదిలోకి వెళ్లే దృశ్యం కళ్ల ముందుకొచ్చింది. దాన్ని తోసేయాలని చూసింది. పోలేదు.

నీళ్ల ట్రే పట్టుకుని ఎయిర్ హోస్టెస్ వచ్చింది. జాహిద్ తనకొచ్చిన ఇంగ్లీషులో, ఇప్పుడు ఏ వారం అని అడిగాడు.

ఆమె నవ్వింది. "ఏ ఊళ్లో?" అని అడిగింది.

ఆ మాట జాహిద్ తెలుగులో చెప్పాక స్టెల్లా అతని వైపు తిరిగింది. తరవాత అడిగింది. "నీకూ శుక్రవారం ముఖ్యమే కదయ్యా?"

"అదే ఆలోచిస్తున్నా. జుమ్మా నమాజు పోయింది." అతను కిటికీ తెర పైకెత్తాడు. బయట నల్లగా ఉంది. "మాకు నమాజు సూర్యుణ్ని బట్టి. ఎక్కేముందు రాత్రి నమాజు, ఇషా చదివేశా, గురువారంది. ఇప్పుడు మనం చీకటితో పాటే పోతున్నాం. దిగబోయే ముందు తెల్లారుద్ది. అప్పుడు తెల్లవారు నమాజు, ఫజర్. అది శనివారంది. మధ్యలో మధ్యాహ్నమనేది రాలేదు. మధ్యాహ్నమే లేకపోతే జుమ్మా ఎక్కడ చదవాలి?"

"మరి తప్పు కాదా?"

"ప్రయాణంలో ఉన్నోళ్లకి మాకు మినహాయింపు ఉందక్కా. మీకు లేదా?"

ఉందో లేదో స్టెల్లాకు తెలియదు. మొక్కుకున్నప్పుడు ఇలాంటిది అడగాలని ఎవరికి తోస్తుంది? అసలు ఈ విమానంలో ఇప్పుడు శుక్రవారం ఉందా లేదా అన్నది తేలితే కదా. బయలుదేరిన ఊరి లెక్కన ఇంకో గంటన్నరకు మొదలవుతుంది. చేరే ఊరి లెక్కన ఇంకో ఐదున్నర గంటల్లో అయిపోతుంది. ఇంటి దగ్గర?

ఆ ఆలోచన రాగానే ఆమె ఫోను తీసింది. అందులో గడియారం ఒకటి ఇండియా టైముతోనే ఉంచుకుంది, శౌరయ్యకు ఎప్పుడు ఫోను చెయ్యాలో తెలియడానికి. శుక్రవారం, పగలు పదకొండు కావస్తోంది. గుణదలలో పట్టపగలు. పొద్దుటి పూజ అయిపోయి ఉంటుంది. సాయంత్రం పూజకు ఇంకా టైముంది. ఇక్కడ ఒక్క కిరణం కూడా లేని ఈ శుక్రవారం అక్కడ ఎండ కాస్తోంది.

పిల్లప్పుడు అమ్మ నేర్పిన ప్రార్థన ఒకటి ఉంది. గుడికి వెళ్లలేనివాళ్లు, మంచం పట్టినవాళ్లు మనసులోనే సత్ప్రసాదం తీసుకునే ప్రార్థన. ఏ గడియారాన్ని నమ్మాలో తెలియక స్టెల్లా దాన్ని మూడుసార్లు చెప్పుకుంది. లాస్ ఏంజిలిస్‌లో అర్ధరాత్రి దాటగానే ఒకసారి, ఆక్లండ్‌లో అర్ధరాత్రి అయ్యేలోపు ఒకసారి, గుణదలలో సాయంత్రం పూజ గంట కొట్టే వేళకు ఒకసారి. మూడోసారి చెప్పేటప్పుడు మిగతా విమానమంతా నిద్రపోతోంది. మధ్యలో ఎప్పుడో ఆ గీత కూడా దాటిపోయి ఉంటుంది. చిన్న కుదుపు కూడా లేదు.

దిగడానికి గంట ముందు కాగితాలు పంచారు, నింపి సంతకం పెట్టమని. స్టెల్లా సంతకం పెట్టి పక్కన మూడో తారీఖు వేసింది. జాహిద్ చూసి, "నాలుగక్కా," అన్నాడు. కొట్టేసి నాలుగు వేసింది. కాసేపటికి కిటికీ అంచున ఎర్రటి గీత కనిపించింది. జాహిద్ సీటులోనే కూర్చుని నమాజు మొదలుపెట్టాడు. అతను ముగించేదాకా స్టెల్లా అటు తిరగలేదు.

విమానం ఏడింటికి దిగింది. నడవాలో నడుస్తుండగా ఫోనుకు వైఫై తగిలింది. ఇండియా గడియారం చూసి స్టెల్లా ఆగిపోయింది. వెనక వస్తున్న అమ్మాయిలు ఆమెను రాసుకుంటూ ముందుకు పోయారు.

శుక్రవారం, రాత్రి పదకొండు నలభై.

మార్తకు వీడియో కాల్ చేసింది. రెండో రింగుకే ఎత్తింది.

"చేరావా అక్కా? నీ కోసమే పడుకోలేదు. గుడికెళ్లావా?"

"ఇక్కడ శనివారమే మార్తా. శుక్రవారం రాలేదు."

"రాలేదేంటి?"

"రాలేదంతే. విమానంలో పోయింది. చీకట్లో పోయింది." ఇక ఆపుకోలేకపోయింది. దారిన పోయేవాళ్లు చూస్తున్నా గోడ వైపు తిరిగి ఏడ్చింది. "నేను సరిగ్గానే లెక్క వేశానే. అడిగాను కూడా."

మార్త సోషల్ టీచరు. ఆమెకు ఒక్క నిమిషంలో అర్థమైంది. "అంతర్జాతీయ దినరేఖ! అక్కా, ఏటా ఎనిమిదో తరగతికి చెబుతాను. నీకు చెప్పాలని నాకు తట్టలేదు చూశావా!" తరవాత గొంతు మార్చి అంది. "ఆగు, ఏడవకు. ఇక్కడింకా శుక్రవారమే. పద్దెనిమిది నిమిషాలుంది."

"నువ్వక్కడ, నేనిక్కడ. ఏం లాభం?"

మార్త ఫోనుతోనే లేచింది. తెర మీద గోడలు ఊగాయి, మెట్లు కనిపించాయి. ఆమె డాబా మీదికి ఎక్కుతోంది. ఆయాసపడుతోంది. ఆపరేషన్ తరవాత మెట్లు జాగ్రత్తగా ఎక్కమన్నారు. "నెమ్మదే," అంది స్టెల్లా, ఏడుపు మరిచిపోయి. డాబా మీద మార్త ఫోనును కొండ వైపు తిప్పింది. చీకట్లో కొండ మీద శిలువ దీపాలు కనిపించాయి, కొంచెం మసకగా, వణుకుతూ.

"చెప్పు. జపమాల చెప్పు. నేనూ చెబుతా," అంది మార్త.

ఇద్దరూ చెప్పారు. స్టెల్లా గోడకు నుదురు ఆనించి, జాహిద్ ఆమె సంచి పట్టుకుని కాస్త ఎడంగా నిలబడి ఉండగా, జపమాలలో మూడు పదులు పూర్తయ్యాయి. నాలుగో దాని మధ్యలో మార్త ఆగింది.

"పన్నెండయిందక్కా."

ఆక్లండ్ గోడ గడియారం ఏడున్నర చూపిస్తోంది. కిటికీ అద్దాల్లోంచి ఎండ నేల మీద పడుతోంది.

"ఒకటి చెప్పనా," అంది మార్త. "నేను సాయంత్రం పూజకెళ్లా. నీ పేరు మీద సత్ప్రసాదం తీసుకున్నా."

"మొక్కు నాది కదే. నువ్వు తీసుకుంటే నాకెలా అవుతుంది?"

"ఆపరేషన్ నాకు కదా. నువ్వు మొక్కితే నాకెలా అయింది?"

ముందున్న క్యూలోంచి భానుశ్రీ చెయ్యి ఊపి పిలుస్తోంది.

ఆ సాయంత్రమే ప్రదర్శన. రాత్రి నిద్ర లేకపోయినా స్టెల్లా ముప్పై ఆరు జతల బట్టలూ ఇస్త్రీ చేసింది. మొదటి అంకంలో ఒక అమ్మాయి నడుము దగ్గర హుక్కు ఊడితే ఇరవై సెకన్లలో కుట్టి వేదిక మీదికి పంపింది. సుస్మిత ఆమెను ఆదివారం దగ్గర్లోని గుడికి తీసుకెళ్లి అక్కడి ముసలి ఫాదర్‌తో మాట్లాడించింది. ఆయన అంతా విని, దేవుడికి క్యాలెండరు అక్కర్లేదమ్మా అన్నాడు. స్టెల్లా తలూపింది. కాని తను చేసిన మొక్కే క్యాలెండరు మొక్కు. నెల, వారం, వరుస, అన్నీ అందులో ఉన్నాయి. క్యాలెండరు అక్కర్లేదంటే ఇక ఆ మొక్కులో ఏం మిగులుతుంది? సుస్మిత మాత్రం తిరిగి వచ్చేటప్పుడు కారు నడుపుతూ పదేపదే అంది. "మీరు శుక్రవారం అన్నప్పుడు నేను మామూలుగా అడుగుతున్నారనుకున్నానండీ. మీరొచ్చే రోజని అనుకోలేదు."

బెజవాడ వచ్చాక స్టెల్లా మొదట చేసిన పని తమ గుడి జోజి ఫాదర్‌ను కలవడం. ఆయన ఆమెను కూర్చోబెట్టి, ఆదివారం ప్రకటనల కాగితం వెనక్కి తిప్పి, దాని మీద పెద్ద సున్నా గీశాడు.

"ఇది భూమి అనుకో స్టెల్లమ్మా. ఇక్కడ గీత. నువ్విటు నుంచి వచ్చావు. ఇటు శుక్రవారం. అటు శనివారం. దాటేటప్పుడు విమానం ముందు భాగం శనివారంలోకి పోయింది. తోక ఇంకా..." పెన్ను గాలిలో ఆగింది. "మరి శుక్రవారానికి ఇరవై నాలుగు గంటలుండాలిగా. నీకు వచ్చినవి ఎన్ని?"

"అదే నాకూ తెలియట్లేదు ఫాదర్."

ఆయన సున్నా పక్కన ఇంకో సున్నా గీశాడు. అది మరీ గందరగోళమైంది. కాగితం మడిచి, పెద్దవాళ్లను అడిగి చెబుతానన్నాడు. వారం తరవాత కబురు పెట్టాడు. ఇద్దరు పెద్ద ఫాదర్లను అడిగాడట. ఒకాయన, వరుస తప్పింది కాబట్టి మళ్లీ మొదటి నుంచి చెయ్యమన్నాడు. రెండో ఆయన, తన చేతిలో లేని దానికి లెక్క ఉండదు, నవంబరుది తొమ్మిదోదే అనుకోమన్నాడు.

"మీరేమంటారు ఫాదర్?"

జోజి ఫాదర్ నిజాయితీగల మనిషి. "నాకు పొద్దున ఒకటి, సాయంత్రం ఇంకోటి సరైందనిపిస్తోందమ్మా," అన్నాడు.

నవంబరు అయిదున స్కాను. మార్త లోపలికి వెళ్లింది. స్టెల్లా వరండాలో ఈసారి కూర్చుంది. ఎందుకు కూర్చుందో ఆమెకే తెలియదు, కాళ్లు నొప్పులు పుట్టాయంతే. శౌరయ్య లేత్ షాపు నుంచి మసి చేతులతోనే వచ్చి పక్కన కూర్చున్నాడు. గంటన్నర తరవాత డాక్టరు పిలిచి చెప్పారు. గడ్డ తిరిగి పెరిగిన గుర్తులేవీ లేవు. ఆర్నెల్ల తరవాత మళ్లీ తీద్దాం.

బయటకొచ్చి మార్త ఆసుపత్రి ముందు చెరుకు రసం తాగింది, రెండు గ్లాసులు. స్టెల్లా గ్లాసు చేత్తో పట్టుకుని అలాగే ఉంది.

"ఏంటక్కా, సంతోషం లేదా?"

"ఉంది. అయితే ఆ శుక్రవారం లెక్కలోకి వచ్చినట్టా? లేక దానికీ దీనికీ సంబంధమే లేదా? ఇప్పుడు ఇంకా అర్థం కావట్లేదే."

శౌరయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నీకేది మనసుకి పడితే అది చెయ్యి," అన్నాడు. "రసం వేడెక్కిపోద్ది, తాగు."

ఏడో తారీఖు శుక్రవారం. సాయంత్రం అక్కాచెల్లెళ్లిద్దరూ కలిసి గుడికి వెళ్లారు. మెట్ల దగ్గర స్టెల్లా తన నిర్ణయం చెప్పింది. ఇది తొమ్మిదోది అనుకోలేనంది. రేపు ఎప్పుడో ఏదో అయితే, ఆ రోజు తేలిగ్గా తీసుకున్నానే అని తనను తాను తినేసుకుంటుంది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతోంది.

"అయితే నాకూ ఇది ఒకటి," అంది మార్త. "నీకు తోడు నేనూ చేస్తా."

"నీకెందుకే? నువ్వు మొక్కుకోలేదుగా."

"ఇప్పుడు మొక్కుకుంటున్నా. ఎందుకో అడక్కు."

స్టెల్లా అడగలేదు. లోపల జనం నిండి ఉన్నారు. గోడ వారగా ఇద్దరికీ చోటు దొరికింది. పూజ మొదలయ్యాక కూడా స్టెల్లా మనసు ఒకటి, తొమ్మిది, ఎనిమిది అని కొంతసేపు తిరిగింది. సత్ప్రసాదానికి వరుసలో నిలబడినప్పుడు ముందు మార్త, వెనక తను. మార్త కొత్త జుట్టు మెడ దాకా వచ్చింది. దాని కింద ఆపరేషన్ మచ్చ అంచు సన్నగా కనిపిస్తోంది. స్టెల్లా దాన్ని చూస్తూ నడిచింది. ఆ కాసేపు లెక్క మరిచిపోయింది.

డిసెంబరు చివర్లో భానుశ్రీ మళ్లీ మెట్లెక్కి వచ్చింది. మే నెలలో ఫిజీ దీవుల్లో, ఆ తరవాత కెనడాలో ప్రదర్శనలు. స్టెల్లా కుట్టుమిషను ఆపింది.

"ఎప్పుడెక్కుతామో వద్దండి. ఎప్పుడు దిగుతామో చెప్పండి. అక్కడ ఆ రోజు ఏ వారమో, మన దగ్గర ఏ వారమో, అదీ చెప్పండి."

భానుశ్రీ నవ్వి, ఈసారి అన్నీ కాగితం మీద రాసి తెచ్చానంది. స్టెల్లా కాగితం అందుకుని, మార్తకు చూపించి రేపు చెబుతానంది. ఆ సాయంత్రం గుణదలలో అక్కాచెల్లెళ్లు మార్త స్కూలు గ్లోబును మంచం మీద పెట్టుకుని కూర్చున్నారు. మార్త వేలితో గీత చూపించింది. ఇటు నుంచి అటు దాటితే ఒకరోజు పోతుంది, అటు నుంచి ఇటు దాటితే ఒకే రోజు రెండుసార్లు వస్తుంది అంది.

"రెండు శుక్రవారాలా?" అంది స్టెల్లా.

"తారీఖులు కుదిరితే."

"అప్పుడు రెండింట్లో ఏది అసలుదే?"

మార్త గ్లోబు తిప్పడం ఆపి అక్క వైపు చూసింది. తనకూ తెలియదని ఒప్పుకుంది.